పడోలి దాటేదాకా

పొద్దుటి నుంచి వాన. ఉతికిన దుప్పట్లు ఆరక మేడమీది వరండాలో తాళ్ళు కట్టించి వేలాడదీయించాను. గదులకు టిఫిన్లు పంపించి, వాన నీళ్ళు లోపలికి రాకుండా గోనెసంచులు వేయించి, నాలుగింటికి చొక్కా మార్చుకుని ఈ హాల్లోకి వచ్చాను. వీడ్కోలు ఇచ్చే రోజున కూడా మనిషి చేత పని చేయించుకోవడం హోటలు పద్ధతి. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. మా ఊరున్న కోర్పనా వైపు కూడా వాన గట్టిగానే ఉందట. వాన పడితే పత్తి చేలో గుంటుక నడవదు కనుక మా ఊరి వాళ్ళు ఇంతమంది రాగలిగారు. ఎండ కాసి ఉంటే వీళ్ళెవరూ నా మొహం చూడడానికి వచ్చేవాళ్ళు కారు. (నవ్వులు)

సభకు అధ్యక్షులైన మా యజమాని హనుమంతు సేఠ్ గారికి, ముఖ్య అతిథిగా ఢిల్లీ నుంచి వచ్చిన, ఏడాదిగా చంద్రపూర్‌లో ఈ హోటలును నడుపుతున్న కంపెనీకి పెద్దదిక్కైన భాటియా గారికి, సేఠ్ గారి అబ్బాయి, కంపెనీ తరఫున ఇక్కడి పనులు చూస్తున్న ప్రతీక్‌కు, ముందు వరుసల్లో కూర్చున్న బజారు పెద్దలకు, వెనక గోడవారగా నిలబడ్డ మా పనివాళ్ళకు, తడి గొడుగులు కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చున్న మా ఊరి వాళ్ళకు నమస్కారం. నేను తెలుగులో మాట్లాడతాను. భాటియా గారికి తెలుగు రాదు. పక్కన కూర్చున్న ప్రతీక్ ఎప్పటికప్పుడు హిందీలో చెబుతాడు. నాకూ హిందీ వచ్చు, గెస్టులతో గడుపుకునేంత ఇంగ్లీషూ వచ్చు. కానీ ఈరోజు నేను చెప్పవలసిన సంగతి నాకు తెలుగులోనే సూటిగా వస్తుంది. ప్రతీక్, నేను ఎట్లా అంటే అట్లాగే చెప్పు. నీళ్ళు కలపకు.

నాకంటే ముందు మాట్లాడిన వాళ్ళు నన్ను పొగిడారు. మూడు దేశాలు తిరిగినవాడన్నారు, ఏ దేశపు గెస్టునైనా ఇంటివాడిలా చూసుకున్నాడన్నారు. వినడానికి బాగుంది. నా వెనక ఉన్న గుడ్డ మీద ‘పదవీ విరమణ’ అని మరాఠీలోనూ ఇంగ్లీషులోనూ పెద్ద అక్షరాలతో రాశారు. అది మాత్రం నిజం కాదు. నాకు యాభై రెండేళ్ళు. మోకాళ్ళు బాగానే ఉన్నాయి. నేను విరమించడం లేదు. ఒక మనిషిని పనిలోంచి తీసేసే కాగితం మీద సంతకం పెట్టలేక నేనే పని వదిలి వెళుతున్నాను. ఆ మనిషి పేరు ఇంతసేపటి నుంచి ఈ సభలో ఎవరూ ఎత్తలేదు. పేరు సారక్క. గదులు ఊడ్చి తుడిచే మనిషి. ఆమెను మళ్ళీ పనిలోకి పిలవమని అడగడానికే ఈ మైకు ముందుకు వచ్చాను. లేకపోతే శాలువా కప్పించుకుని, రెండు ముక్కలు చెప్పి కూర్చునేవాణ్ణి. నేను పెద్దగా మాట్లాడేవాణ్ణి కాదని మీ అందరికీ తెలుసు.



సారక్కది రాజురా వైపు. హోటలు తెరిచిన నాటి నుంచి పైఅంతస్తు గదులు ఆమెవే. ఆమెకు ఒక పట్టింపు ఉంది. గెస్టు గది ఖాళీ చేసి బయలుదేరితే, ఆయన ఊరు దాటేదాకా ఆ గదిలో చీపురు పెట్టదు. తలుపు దగ్గరికి వేసి, నాగపూర్ రోడ్డు మీద బండి పడోలి దాటి ఉంటుందని తనకు అనిపించేదాకా ఆగుతుంది. తర్వాత లేచి ఊడుస్తుంది, తుడుస్తుంది, అద్దంలా చేస్తుంది. ఇది ఆమె కనిపెట్టింది కాదు. ఇక్కడున్న ప్రతి ఇంట్లో ఉన్నదే. మన ఇంట్లోంచి ఎవరైనా ప్రయాణమై గడప దాటితే వెంటనే ఊడవం. శవం లేచినప్పుడే వెంటనే ఊడ్చి కడుగుతాం. బతికి వెళ్ళినవాడికి, చచ్చి వెళ్ళినవాడికి మన ఇళ్ళలో ఉండే తేడా అదే.

మొదట్లో సేఠ్ గారే ఆమెను ఆటపట్టించేవారు. “ఏం సారక్కా, గెస్టు నాగపూర్ల ఇమానం ఎక్కెదాక ఊడ్వవా ఏంది?” అనేవారు. “నాగపూర్ దాక నాకెందుకు సేఠ్? పడోలి దాటితె సాలు. ఆడికెల్లి ఆయన దేవుడు ఆయనను సూస్కుంటడు” అనేది. సేఠ్ గారు నవ్వి, “అయితే పడోలి దాక నువ్వే దేవుడివన్నట్టు” అనేవారు. గుర్తుందా సేఠ్? (సేఠ్ గారు తల ఊపారు)

నేను మేనేజరును. గదులు తయారుగా ఉండకపోతే నా తల తింటారు. అందుకని పనినే కాస్త తిప్పాను. గెస్టు వెళ్ళిన గదికి తాళం వేయించి, మనుషులున్న గదులు ముందు ఊడ్పించేవాణ్ణి. అవి అయ్యేసరికి బండి పడోలి దాటేది. ఆమె మాట ఆమెకు దక్కేది, గది నాకు దక్కేది. ఇన్నేళ్ళలో ఏ గెస్టూ కింద సోఫాలో కూర్చుని గది కోసం ఎదురు చూసింది లేదు. నేను మూడు దేశాల హోటళ్ళలో నేర్చుకున్న విద్య అంతా కలిపితే ఇంతే. మనిషిని మార్చడం కంటే పనిని అటూ ఇటూ జరపడం తేలిక.

ఆ దేశాల సంగతి కూడా చెబుతాను, ఎందుకంటే నా పొగడ్తల్లో వాటినే చెప్పారు. బొంబాయిలో హోటలు గిన్నెలు తోమి, వెయిటరునై, అక్కడి నుంచి మస్కట్ పోయాను. మస్కట్‌లో విందు అయ్యాక అతిథుల మధ్య సాంబ్రాణి ధూపం తిప్పుతారు. ధూపం తిరిగిందంటే ఇక లేవవచ్చని. మాతో ఉన్న మంగళూరు వెయిటరుకు అది తెలియదు. మన దగ్గర దేవుడికైనా పెద్దలకైనా ధూపం మొదటే కదా అనుకుని, పెళ్ళివాళ్ళు కూర్చోగానే తిప్పేశాడు. గడ్డాల పెద్దమనుషులంతా ఒకరి మొహం ఒకరు చూసుకుని లేచి నిలబడ్డారు. లోపల గంపెడు అన్నం మీద మేకలు మేకలే ఉన్నాయి, ముట్టినవాడు లేడు. (నవ్వులు) మా ఊరి ఇస్తారిని చూడండి. ఇస్తారీ, అంత నవ్వకు, దగ్గొస్తుంది. ఆ హోటలు మేనేజరు ఒమన్ మనిషి. వెయిటరును తిట్టలేదు. పక్కకు పిలిచి, మీ దగ్గర ఎట్లా అని అడిగాడు. విన్నాడు. పోయి అతిథులకు అదే చెప్పాడు, వాళ్ళ దేశంలో ధూపం అంటే రండి కూర్చోండి అని అట. వాళ్ళు నవ్వి మళ్ళీ కూర్చున్నారు. అయిపోయింది. అడగడానికి ఎంతసేపు పట్టింది?

నైరోబీలో తలుపు కొట్టరు. బయట నిలబడి ‘హోడీ’ అంటారు. లోపలి మనిషి ‘కరీబూ’ అంటేనే అడుగు పెడతారు. మా హోటలు యజమాని ఇంగ్లీషువాడు, ప్రతి గదికీ కరెంటు గంటలు పెట్టించాడు. గదులు చూసే ముసలాయన గంట నొక్కేవాడు, నొక్కి, మళ్ళీ హోడీ అనేవాడు, కరీబూ వినపడేదాకా నిలబడేవాడు. లోపల ఉన్న జర్మనీ వాడికి కరీబూ అనాలని ఏం తెలుసు? చివరికి ఆ యజమానే కౌంటరు దగ్గర ప్రతి గెస్టుకూ తాళంచెవితో పాటు ఆ మాట కూడా నేర్పి పంపించడం మొదలుపెట్టాడు. గంటలు చెడిపోతే మళ్ళీ బాగు చేయించలేదు.

తర్వాత సింగపూర్. అక్కడ నేను పనిచేసింది ఈ భాటియా గారి కంపెనీ హోటల్లోనే. ఆయన ఆ సంగతి మరచిపోయి ఉంటారు. లిఫ్టులో మూడు తర్వాత ఐదు ఉండేది. నాలుగు లేదు. నాలుగంటే చైనా వాళ్ళకు చావు గుర్తుకొస్తుందట, అందుకని కంపెనీ ఒక అంతస్తు పేరే తీసేసింది. జపాను వాళ్ళ గుంపు బస్సెక్కి బయలుదేరితే, కౌంటరులో ఉన్నవాళ్ళం అందరం పని వదిలి వాకిట్లో వరసగా నిలబడి, బస్సు మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా వంగి ఉండాలి. అది కంపెనీ రూలు. లోపల ఫోన్లు మోగుతుండేవి. మోగనీ అనేవారు. మలుపు తిరిగేదాకా కదలకూడదు. ఆ నిలబడ్డ సమయాన్ని పని ఎగ్గొట్టడమని ఎవరూ రాయలేదు. అతిథి మర్యాద అని రాసి, కొత్తగా చేరిన వాళ్ళకు పాఠం చెప్పారు. ఆ పాఠం చెప్పినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ప్రతీక్, ఇది చెప్పావా? చెప్పు. మలుపు దాకా అని చెప్పు.

తొంభై రెండులో హనుమంతు సేఠ్ గారు నాకు ఫోను చేశారు. అప్పటికి ఆయనకు పత్తి అడ్తి తప్ప వేరే వ్యాపారం తెలియదు. “సాస్తి బొగ్గు గనికి పెద్ద మిషిన్లు వస్తున్నయి రాయమల్లూ, సిమెంటు ఫ్యాక్టరీలకు వస్తున్నయి. ఆటి ఎంబడి తెల్లోళ్ళు, కొరియావోళ్ళు వస్తుండ్రు. ఆళ్ళు ఏం తింటరో, ఏడ పంటరో నాకు తెల్వది. మా అమ్మ పేర హోటలు కడుతున్న. నువ్వు రా” అన్నారు. వచ్చాను. హోటల్ రుక్మిణి అని బోర్డు పెట్టాం. ఇప్పుడు ఆ బోర్డు మీద కంపెనీ పేరు మూరెడు ఉంది, రుక్మిణమ్మ గారి పేరు కింద బెత్తెడు. అది సేఠ్ గారి ఇష్టం. నేను మాట్లాడను.

కానీ పదమూడో నంబరు గది గురించి మాట్లాడతాను. కంపెనీ వచ్చిన మొదటి నెలలో పెయింటరును పిలిపించి, పదమూడును తుడిపించి ‘పన్నెండు ఏ’ అని రాయించారు. ఎందుకని అడిగితే గెస్టులు పదమూడంటే భయపడతారన్నారు. ఎవరు? చంద్రపూర్‌లో బొగ్గు దుమ్ముకు భయపడేవాళ్ళున్నారు, మే నెల ఎండకు భయపడేవాళ్ళున్నారు. పదమూడుకు భయపడేవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. (నవ్వులు) ఆ నెలలోనే మా ఇస్తారి ఆసుపత్రి పని మీద వచ్చి ఆ గదిలో దిగాడు. తాళంచెవి చూసి, “పన్నెండు ఏ అంటే ఏంది రాయమల్లూ? సగం గది ఇస్తున్నవా?” అన్నాడు. (పెద్దగా నవ్వులు) నేను ఏం చెప్పాలి? ఎక్కడో సముద్రాల అవతల ఎవడో ఒకడు ఆ అంకెకు భయపడతాడు, వాడు ఎప్పుడైనా మన ఊరు రావచ్చు, వాడు గదిలోకి పోయి భయపడకూడదు, అందుకని నీ గదికి అంకె లేదు అని చెప్పాను. ఇస్తారి ఆలోచించి, “మంచిదే, రానీ పాపం” అన్నాడు.

అదీ నా కోపం. ఇస్తారికి తట్టిన మాట కంపెనీకి తట్టలేదు. చైనా వాళ్ళ కోసం ఒక అంతస్తు పేరు తీసేస్తారు. ఎవరో తెలియని వాళ్ళ కోసం ఇక్కడ ఒక అంకె తుడిచేస్తారు. జపాను వాళ్ళ కోసం ఫోన్లు మోగనిస్తారు. అవన్నీ సంస్కృతి. ఇక్కడ పుట్టి, ఇక్కడి గదులు ఊడ్చే సారక్కది మాత్రం సోమరితనం. గెస్టు సంస్కృతి అయితే గౌరవించాలి, పనిమనిషి సంస్కృతి అయితే తీసేయాలి. ఇది ఏ దేశపు మర్యాద? నేను చూసిన దేశాల్లో లేదు.

(నీళ్ళు తాగి)

జరిగింది చెబుతాను. సాస్తిలో పెద్ద మిషిను బిగించడానికి వచ్చిన కొరియా ఇంజనీరు ఒకాయన తొమ్మిదో నంబరులో చాలా నెలలున్నాడు. మాట తెలియకపోయినా సారక్కను అక్కా అని పిలిచేవాడు. మనం పిలవగా విని నేర్చుకున్నాడు. పోయిన నెల పని ముగించి పొద్దున్నే బయలుదేరాడు. సారక్క వాకిలి దాకా వచ్చి చూసి, పైకి పోయి, గది తలుపు దగ్గరికి వేసి, చీపురు పక్కన పెట్టి తలుపు ముందు కూర్చుంది. మనుషులున్న గదులు ముందు చేసే నా పద్ధతి అప్పటికి లేదు. వెళ్ళినవాళ్ళ గది అరగంటలో తయారు కావాలి, దాని తర్వాతే వేరేవి అని కంపెనీ కొత్త రూలు పెట్టింది. ఇది ఇక్కడ నడవదని నేను చెప్పాను. నడుస్తుందన్నారు. ఆరోజు కింద కొత్త గెస్టు కూర్చుని ఉన్నాడు. అదే సమయానికి భాటియా గారు తనిఖీకి పైకి వచ్చారు. ప్రతీక్ వెంట ఉన్నాడు, నేనూ ఉన్నాను.

ఈమె ఎందుకు కూర్చుందని భాటియా గారు అడిగారు. సారక్క లేచి నిలబడి, “జర ఆగు సాబ్. ఆయన పడోలి దాటనీ” అంది. పడోలి ఏమిటని అడిగారు. నాగపూర్ రోడ్డు మీద ఊరు అని ప్రతీక్ చెప్పాడు. ఆ ఊరికీ ఈ గదికీ ఏమిటి సంబంధం అని అడిగారు. చూడండి, ఆయన అడిగారు. మస్కట్ మేనేజరు అడిగినట్టే అడిగారు. అది నేను కాదనను. జవాబు చెప్పబోయాను. నాకంటే ముందు ప్రతీక్ ఒక్క మాటలో చెప్పేశాడు. అంధశ్రద్ధ సార్, అన్నాడు, మూఢనమ్మకమని.

(ప్రతీక్ హిందీలో చెప్పడం ఆపారు)

ప్రతీక్, ఎందుకు ఆపావు? చెప్పు ఆయనకు. నువ్వు అన్న మాటే కదా.

నువ్వు నాగపూర్‌లో కాలేజీకి పోయే రోజుల్లో, ఆదివారం సాయంత్రం నువ్వు బస్సుకు బయలుదేరితే మీ ఇంట్లో చీపురు పట్టేవాళ్ళా? మీ నాయనమ్మ రుక్మిణమ్మ గారు అరుగు మీద కూర్చుని, ఎవరినీ పట్టనిచ్చేవారు కాదు. నేను మీ ఇంటికి లెక్కల పని మీద వచ్చినప్పుడు చూశాను. ఆమె పోయినప్పుడు ఆమెను తీసుకుపోగానే ఇల్లు ఊడ్చి కడిగారు. ఆ నీళ్ళు బావి నుంచి తోడింది నువ్వే. ఆ రెంటికీ తేడా నీకు తెలుసు. ఢిల్లీ మనిషికి తెలియకపోతే నేను ఏమీ అనను. తెలిసినవాడివి నువ్వు చెప్పలేదు. ఆ ఒక్క మాట మీద ఆమె పని పోయింది. పని ఎగ్గొట్టిందని కాగితం తయారైంది. నేను సంతకం పెట్టలేదు. నువ్వు పెట్టావు.

ఇంకొకటి ఉంది. ఇది చెప్పి ముగిస్తాను. కాగితం చేతికిచ్చిన పొద్దున సారక్క హోటలు చీరె మడిచి కౌంటరు మీద పెట్టింది. మెట్లు దిగుతోంది. ఇంకా గేటు దాకా పోలేదు. వెనక దుప్పట్ల గదిలో, ఇన్నేళ్ళూ ఆమె కూర్చుని దిండు గలీబులు మడిచిన చోట, చీపురు చప్పుడు వినపడింది. మన పనివాళ్ళు కాదు. ఊడవమంటే వాళ్ళు ఊడవలేదు. కంపెనీ తెచ్చిన సూపర్‌వైజరు తానే ఊడ్చాడు. ఊడ్చి, బకెట్టుతో నీళ్ళు కొట్టి కడిగాడు. ఆమె ఇంకా గేటు లోపలే ఉంది. వెనక్కి తిరిగి చూసింది. నేను వాకిట్లో ఉన్నాను. “నేనింకా బతికే ఉన్న గద సారూ” అంది. గట్టిగా అనలేదు. గొడుగు విప్పుకుని బస్టాండు వైపు పోయింది.

నేను ఆరోజే నా కాగితం రాసి ఇచ్చాను. దానికి మీరు పదవీ విరమణ అని పేరు పెట్టారు, దండలు తెప్పించారు.

సేఠ్, పదిమందిలో అడుగుతున్నాను, తప్పుగా అనుకోకండి. రేపు పొద్దున సారక్కను పిలిపించండి. నేను తిరిగి రాను, నా జాగా మీరు ఎవరికైనా ఇచ్చుకోండి. ఆమెను పిలిపించండి. మనుషులున్న గదులు ముందు చేయిస్తే చాలు, ఏ గెస్టూ ఎదురు చూడడు. పిలిపిస్తారా?

(సేఠ్ గారు కూర్చున్నచోటు నుంచే: “గిది గిప్పుడు మాట్లాడే ముచ్చటనా రాయమల్లూ? పనోళ్ళ సంగతి కంపెనీదే అని కాంట్రాక్టుల రాసి ఉన్నది. నా చేతుల లేదు.”)

విన్నారు కదా. కట్టడం ఆయనది, బోర్డు మీద పేరు వాళ్ళ అమ్మది. ఊడ్చే మనిషిని పిలవడం మాత్రం ఆయన చేతిలో లేదు. అయితే చేతిలో ఉన్నవారిని అడుగుతాను. భాటియా గారూ, పిలిపిస్తారా? ప్రతీక్, ఇది నీళ్ళు కలపకుండా చెప్పు.

(ప్రతీక్ భాటియా గారితో కొంతసేపు మాట్లాడారు. భాటియా గారు గడియారం చూసుకుని, సేఠ్ గారితో చేయి కలిపి, సభకు నమస్కారం చేసి వెళ్ళారు. బయట కారు స్టార్టయిన చప్పుడు.)

నాగపూర్‌లో ఆయనకు విమానం ఉంది. వెళ్ళనివ్వండి. రోడ్డు మీద నీళ్ళు నిలిచాయి, డ్రైవరు మెల్లగా నడిపితే బాగుండు.

వెనక నిలబడ్డ మా వాళ్ళకు ఒక మాట. మేనేజరుగా నేను చెప్పే చివరి పని ఇదే. ఆయన కుర్చీ దగ్గర దండలోంచి రాలిన పూలు పడి ఉన్నాయి. ఆయన కారు పడోలి దాటేదాకా అక్కడ చీపురు పెట్టకండి. ఆయనకు ఆ పట్టింపు లేకపోవచ్చు. మనకు ఉంది. ఆయనకూ ఇంటి దగ్గర ఎదురు చూసేవాళ్ళుంటారు.

వంటింటి వాళ్ళకు, దుప్పట్లు ఉతికిన వాళ్ళకు, వాన కాబట్టి వచ్చినా సరే వచ్చిన మా ఊరి వాళ్ళకు, నన్ను మస్కట్లూ సింగపూర్లూ వదిలి సొంత జాగాకు రప్పించిన హనుమంతు సేఠ్ గారికి కృతజ్ఞతలు. ఆ చివరిది మర్యాదకు అనడం లేదు. శాలువా తీసుకుపోతాను, చలికాలం పనికొస్తుంది. మీరు బహుమతిగా ఇచ్చిన గోడ గడియారం ఇక్కడే ఉంచుతున్నాను. గది అరగంటలో తయారైందో లేదో చూసుకోవడానికి మీకే అవసరం.

సారక్క పోయిన సోమవారం పొద్దున వెళ్ళింది. భాటియా గారు ఇప్పుడే వెళ్ళారు. నేను ఆరింటి రాజురా బస్సుకు వెళుతున్నాను. అందరి దగ్గరా సెలవు.

(రాయమల్లు గారు ఆరు గంటల బస్సుకు వెళ్ళారు. ప్రతీక్ బస్టాండు దాకా వెళ్ళి, చీకటి పడ్డాక తిరిగి వచ్చారు. హాలు మర్నాడు పొద్దున ఊడ్చారు.)